ఎర్రవల్లి చౌరస్తా మీదుగా డాలస్‌కు

మిమ్మల్నొక ప్రశ్న అడుగుతా, ఫోను తీయకుండా జవాబు చెప్పాలి. గద్వాల కోట ముందర నిలబడ్డారనుకోండి. అమెరికాలో డాలస్ ఏ దిక్కున ఉందో వేలు పెట్టి చూపించమంటే ఎటు చూపిస్తారు?

చాలామంది పడమటికి, అంటే రాయచూరు వైపు చూపిస్తారు. అమెరికా పడమటి దేశమని చిన్నప్పటి నుంచీ విన్నాం కదా, బడి గోడ మీది పటంలో కూడా అది ఎడమ చివరనే వేలాడుతుంటుంది. కాస్త తెలివైనవాళ్ళు, భూమి గుండ్రం గదా అని, తూర్పుకు చూపించి మన మొహం చూసి నవ్వుతారు. ఇద్దరిదీ తప్పే. వేలు పోవాల్సింది ఉత్తరానికి, అందులో ఓ ఐదారు డిగ్రీలు మాత్రం పడమరకు ఒరగాలి. అంటే మనం గద్వాల నడిగడ్డ నుంచి హైదరాబాద్ బస్సెక్కి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల దాటుకుంటూ ఏ వైపు పోతామో, డాలస్ ఇంచుమించు ఆ వైపే ఉంది.

నమ్మకం కుదరకపోతే దగ్గర్లో ఏదైనా హైస్కూలుకు పోయి గ్లోబు దించమనండి. బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది, తుడుచుకోవాలి. ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగబట్టండి. పడమటి సముద్రాల మీద పెడదామని చూసినా దారం ఉండదు, జారి జారి గ్లోబు నెత్తి మీదికి ఎక్కుతుంది. షంషాబాద్ విమానాశ్రయం దగ్గర మొదలై ఢిల్లీ దగ్గర్నుంచి, లదాఖ్ కొండల మీదుగా, కిర్గిజిస్తాన్, కజకిస్తాన్, సైబీరియా దాటి మంచు సముద్రంలో పడుతుంది. ఉత్తర ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల దగ్గరగా పోయి, కెనడా మంచు దీవుల మీదుగా టెక్సస్‌లోకి దిగుతుంది. హైదరాబాద్‌కూ డాలస్‌కూ రేఖాంశాల తేడా 175 డిగ్రీల పైచిలుకు. ఇంకో నాలుగైదు డిగ్రీలుంటే ఆ రెండు ఊళ్ళూ ధ్రువానికి ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండేవి. దారం పొడవు కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు.

మన ఊళ్ళ పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోతుంది. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ దాని మీదివే. డాలస్ దారం కూడా కశ్మీరం దాకా ఇంచుమించు దానితోనే నడుస్తుంది. కొత్తకోటలో హోటలు ముందు లారీలు ఆగి ఉంటాయే, హర్యానా, పంజాబ్ నంబరు ప్లేట్లతో, వాటి డ్రైవర్లు తమకు తెలియకుండానే అమెరికా దారిలో సగం దూరం కాకున్నా ఎనిమిదో వంతు దాకా పోయి వస్తున్నారన్న మాట. ఈ సంగతి వాళ్ళకు చెప్పి చూడండి, ఛాయ్ అయినా తాగిస్తారు.

అయితే దారం ఉన్నచోటల్లా విమానం ఉండాలని లేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు మధ్యలో దిగకుండా పోయే విమానం ఇప్పటికైతే లేదు. పోలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు పోయే విమానం 15,300 కిలోమీటర్లు ఒక్క గుక్కలో పోతుంది, ప్రపంచంలో అదే పెద్దది. మనకు 2021 జనవరిలో షికాగోకు ఎయిర్ ఇండియా వాళ్ళు ఒకటి మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి అమెరికాకు సూటిగా నడిచిన మొదటి సర్వీసు అదే, 13,280 కిలోమీటర్లు. తర్వాత ఆగిపోయింది. అంత దూరం పోయే విమానం మోసే బరువులో పెద్ద వాటా చమురుదే. ఆ చమురును మోయడానికి మళ్ళీ చమురు కాల్చాలి. సీట్లు నిండినా లెక్క తేలడం కష్టమంటే ఇందుకే.

కనుక మన అవ్వ బిడ్డను చూడ్డానికి డాలస్ పోవాలంటే దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో పోవాలి. "అంత దూరం చుట్టు తిప్పి తీసుకపోతరా?" అని అవ్వ కోప్పడుతుంది. లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,900. కలిపితే 15,450. సూటి దారి కంటే అదనం వెయ్యి కిలోమీటర్లే, విమానానికి గంట పైన ఇంకొన్ని నిమిషాలు. గ్లోబు మీద దారంతో చూస్తే ఈ దుబాయ్ వంపు చిన్నదే. అవ్వ కష్టమంతా వంపులో లేదు, దుబాయ్‌లో దిగి రెండో విమానం కోసం కూర్చునే ఆ మూడు నాలుగు గంటల్లో ఉంది. మళ్ళీ అక్కడ ఏ గేటుకు పోవాలో తెలియాలి. చాలామంది అవ్వలు నడవగలిగీ చక్రాల కుర్చీ అడుగుతారంటే కాళ్ళ నొప్పుల వల్లనే అనుకోకండి. కుర్చీతో పాటు తోసే మనిషి వస్తాడు, ఆ మనిషికి దారి తెలుసు.

దూరం సంగతి ఇంతటితో తేలిపోయింది. అది రాయి లాంటి అంకె, మారదు. గంటల సంగతే తిరకాసు.

దుబాయ్ టికెట్టు చేతిలో పట్టుకుని, వనపర్తిలోనో కొల్లాపూర్‌లోనో ఎవరో ఒకరు ఇట్లా అడుగుతుంటారు. "సారూ, పోయేటప్పుడు పొద్దుగాల నాలుగింటికి ఎక్కితె ఆరున్నరకు దించుతడంట. రెండున్నర గంటలె గద. వచ్చేటప్పుడేమో రాత్రి పదింటికి ఎక్కితె మూడింటికి దించుతడంట. ఐదు గంటలు! గాలి ఎదురొస్తదా ఏంది?"

ఎదురుగాలి అన్నమాట నిజమే, కానీ వచ్చేటప్పుడు కాదు, పోయేటప్పుడు. టికెట్టు మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. పోయేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, నాలుగు గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు తీసేయాలి, మూడున్నర గంటలు. చూశారా, కాగితం చూపించేదొకటి, పైన జరిగేది సరిగ్గా దానికి తలకిందులు. త్వరగా పోతామనుకున్నది ఆలస్యపు ప్రయాణం, ఆలస్యమనుకున్నది త్వరగా అయ్యేది.

ఇక డాలస్ టికెట్టైతే మనిషిని మాయ చేసినంత పని చేస్తుంది. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి షంషాబాద్‌లో లేచి, ఇరవై నాలుగు గంటలు తిరిగి తిరిగి పోతే, శీతాకాలంలో డాలస్‌లో దిగేసరికి అక్కడ ఇంకా సోమవారం సాయంత్రం నాలుగున్నరే. అవ్వ ఒక రోజంతా కూర్చున్నా పగలు గడవలేదన్న మాట. తిరుగు ప్రయాణంలో సోమవారం రాత్రి ఎక్కితే బుధవారం పొద్దున దిగుతుంది. మంగళవారం ఎటు పోయిందని అడిగితే అల్లుడు కూడా నీళ్ళు నములుతాడు. మంగళవారం ఒక్కపొద్దు ఉండే అవ్వలకు ఈ ప్రయాణం మహా సౌకర్యం, అంతకు మించి నేను చెప్పను. ఫోను చేసేవాళ్ళకు మాత్రం ఒక గుర్తు: మనకు రాత్రి ఎనిమిదైతే డాలస్‌లో శీతాకాలం పొద్దున ఎనిమిదిన్నర, ఎండాకాలం తొమ్మిదిన్నర. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు గడియారం ముల్లు జరుపుతారు.

మళ్ళీ గాలి దగ్గరికి వద్దాం. విమానం వేగం గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లు అంటారు. ఆ వేగం గాలిలో, నేల మీద కాదు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి కూడా కదులుతూనే ఉంటుంది. శీతాకాలంలో ఉత్తర భారతం మీద పడమటి నుంచి తూర్పుకు గంటకు నూటయాభై, రెండొందల కిలోమీటర్ల వేగంతో ఒక గాలి ప్రవాహం పోతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. సోమశిల రేవులో కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు పుట్టి నడిపేవాణ్ణి చూడండి. తెడ్డు ఒక్కటే వేగంతో వేస్తాడు, కానీ నీళ్ళతో పాటు పోయేటప్పుడు గట్టు మీది చెట్లు ఎంత తొందరగా వెనక్కి పోతాయి, ఎదురు తిరిగితే ఎంత మెల్లగా కదుల్తాయి! విమానానిదీ అదే గతి. గమ్మత్తేమిటంటే వానాకాలంలో మన దక్షిణాది మీద పైగాలి దిక్కు మార్చి తూర్పు నుంచి వీస్తుంది. కాబట్టి దుబాయ్ పోయే ఒకే విమానానికి మాఘంలో ఒక టైము, శ్రావణంలో ఒక టైము.

బళ్ళో పిల్లలు ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తారు. పెద్దవాళ్ళకూ ఆ అనుమానం ఉంటుంది, సిగ్గుపడి అడగరు. భూమి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి ఊరికే ఒకచోట నిలబడితే అమెరికానే కిందికి వస్తుంది కదా, ఇంత చమురెందుకు దండగ? లెక్క ప్రకారం మన గద్వాల దగ్గర నేల తూర్పుకు గంటకు పదహారు వందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. విమానం కంటే అదే ఎక్కువ. కానీ నేలతో పాటు గాలి కూడా తిరుగుతోంది, గాలితో పాటు విమానమూ. గాలి తిరక్కుండా నిలబడి ఉంటే మన ఇళ్ళ మీద గంటకు పదహారు వందల కిలోమీటర్ల ఈదురుగాలి వీస్తుండాలి, పైకప్పు రేకులేం ఖర్మ, కోట గోడలే మిగలవు. అయితే ఆ ప్రశ్న వేసిన పిల్లవాడు తెలివి తక్కువవాడేం కాదు. పడమటికి పోయే విమానం సూర్యుణ్ణి వెంబడిస్తుంది, కానీ పట్టుకోలేదు, ఆ పదహారు వందల వేగం దానికి లేదు. అందుకే రాత్రిపూట దుబాయ్ పోయేవాళ్ళకు తెల్లవారడం మరీ ఆలస్యమవుతుంది.

సూర్యుడి మాట వచ్చింది కాబట్టి గద్వాలకూ దుబాయ్‌కీ ఉన్న ఒక చుట్టరికం చెప్తాను. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. అది కాకినాడ పక్కనుంచి పోతుంది. గద్వాల దానికి పడమటి వైపు నాలుగు డిగ్రీల పైన దూరం. అందుకని మన గడియారంలో పన్నెండైనా సూర్యుడు నడినెత్తికి రావడానికి సగటున ఇంకో పంతొమ్మిది నిమిషాలు కావాలి. దుబాయ్ గడియారం 60 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. దుబాయ్ ఊరు దానికి నాలుగున్నర డిగ్రీల పైన పడమర. అక్కడా పన్నెండు దాటిన పంతొమ్మిది నిమిషాలకే నడిమధ్యాహ్నం. గద్వాల నుంచి పోయిన మేస్త్రీ వాచీలో ముల్లు గంటన్నర వెనక్కి తిప్పుకుంటే చాలు, నీడ చూసి టైము చెప్పే అలవాటు మార్చుకోనక్కర్లేదు. కాకినాడ నుంచి పోయినవాడికి ఈ వసతి లేదు.

దూరం ఎక్కువైతే టైము ఎక్కువ అనుకుంటాం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఆ లెక్కను తిరగేసి చూపించింది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు అంతకు ముందు అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయేవాళ్ళు. ఆ నెలలో దిక్కు మార్చి, తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు పోయారు. పద్నాలుగున్నర గంటల్లో దిగారు, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందుగా. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి రెండు గంటలు మిగిల్చారు, చమురూ మిగిలింది. గాలి వీపు మీద చెయ్యేసి తోసిన ఫలితం. ఈ ఒక్క ఉదాహరణ చాలు, విమానాశ్రయాల మధ్య దూరం చూసి గంటలు చెప్పే పట్టికలను నేనెందుకు నమ్మనో తెలియడానికి. దూరాన్ని తొమ్మిది వందలతో భాగించి, పైన అరగంట కలిపి రాస్తారు. అది అంచనాకు పనికొస్తుంది, పెళ్ళి ముహూర్తానికి పనికిరాదు.

ధ్రువం మీదుగా పోవడమూ ఊరికే కుదిరే పని కాదు. విమానాల చమురు సున్నాకు 47 డిగ్రీలు కిందికి పోతే గడ్డకట్టడం మొదలవుతుంది, అక్కడి పైగాలి ఒక్కోసారి అంతకంటే చల్లన. చమురు చల్లబడుతుంటే పైలట్లు కిందికి దిగడమో వేగం పెంచడమో చేయాలి. ఏదైనా అయితే దిగడానికి దగ్గర్లో ఊళ్ళుండవు. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నలుగురు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా విమానం నడిపి తెచ్చారు. నాయకత్వం జోయా అగర్వాల్‌ది, ఆ నలుగురిలో పాపగారి తన్మయి కూడా ఉన్నారు, మన చెవికి తెలిసిన పేరే. ఆ రెండు ఊళ్ళ మధ్య సూటి దూరం 13,990 కిలోమీటర్లు. వాళ్ళు తిరిగింది పదహారు వేల దాకా. దారం దారి దారమే, విమానం దారి విమానమే.

గాలి దయతో పాటు దేశాల దయ కూడా కావాలి. 2019లో కొన్ని నెలలు, మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి, పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. అమెరికా పోయే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు వియన్నాలో దిగి చమురు పోసుకోవాల్సి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం యూరప్, అమెరికా కంపెనీలకు మూతబడింది, మనవాళ్ళకు తెరిచే ఉంది. దాని వల్ల లాభమూ ఉంది, చిక్కూ ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజన్‌లో తేడా వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్ళో దిగింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు, అక్కడి భాష రాదు, తిండి తెలియదు. వేరే విమానం పంపించి తీసుకుపోయేసరికి ఒక రోజు పైన పట్టింది. పాపం, వాళ్ళ టికెట్టు మీద కూడా గంటలు, నిమిషాలు చక్కగా అచ్చేసే ఉంటాయి.

ఇంతసేపూ ఆకాశంలో తిరిగాం, ఇప్పుడు కాస్త నేల మీదికి దిగుదాం. మన ప్రయాణంలో సగం ఇక్కడే కదా.

షంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు బేగంపేటకు పోవాలి, అంటే హైదరాబాద్ ట్రాఫిక్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఈదాలి. కొత్తది ఊరికి దక్షిణాన, మన వైపే కట్టారు. పాలమూరుకు ప్రభుత్వాలు చేసిన మేళ్ళ చిట్టా పెద్దదేం కాదు, ఇది మాత్రం అనుకోకుండా జరిగిన మేలు. జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు గల్ఫ్ పోవడానికి ఊరంతా చుట్టి రావాలి. మనం ఊళ్ళోకి అడుగు పెట్టకుండానే విమానమెక్కొచ్చు. రోడ్డు మీద గద్వాల నుంచి సుమారు 170 కిలోమీటర్లు, వనపర్తి నుంచి 130. నాగర్‌కర్నూల్ వాళ్ళకు రెండు దారులున్నాయి. బిజినేపల్లి, భూత్పూర్ మీదుగా జడ్చర్ల రోడ్డెక్కితే షాద్‌నగర్ వైపు నుంచి వస్తారు. కల్వకుర్తి, ఆమనగల్, కడ్తాల్ మీదుగా శ్రీశైలం రోడ్డులో వస్తే తుక్కుగూడ వైపు నుంచి తగులుతారు. అచ్చంపేట వాళ్ళకైతే హాజీపూర్ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కడమే సుళువు.

రైలు కూడా ఉంది. గద్వాల, వనపర్తి రోడ్డు స్టేషన్ల నుంచి కాచిగూడ పోయే బండ్లలో కొన్ని ఉందానగర్‌లో ఆగుతాయి. ఆ స్టేషన్ షంషాబాద్‌కు ఆనుకునే ఉంది. కానీ అక్కడ దిగి రెండు ఇరవై మూడు కిలోల పెట్టెలతో టెర్మినల్ దాకా చేరడం ఎట్లా? బస్సుదీ అదే కథ. మన వైపు ఆర్టీసీ బస్సు షంషాబాద్ హైవే మీద దించి పోతుంది, లోపలికి పోవాలంటే ఆటోనో క్యాబో చూసుకోవాలి. దుబాయ్ దాకా 2,550 కిలోమీటర్లకు ఎవరూ బేరమాడరు, ఈ చివరి ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గరే గొంతు లేస్తుంది. పల్లీల పొడి, మామిడికాయ తొక్కు డబ్బాలు ఉన్న పెట్టె నెత్తిన పెట్టుకుని నిలబడ్డ మనిషికి బేరమాడే ఓపిక ఉండదని ఆటోవాళ్ళకూ తెలుసు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ పోయే సూటి గీత ముంబైకి కాస్త ఉత్తరంగా అరేబియా సముద్రం మీదికి దిగుతుంది. ఈ గీత నాకెప్పుడూ వింతగా తోస్తుంది. పాలమూరు కూలీలు తరతరాలుగా పోయిన దిక్కు అదే. బొంబాయిలో కామాఠీపురా అనే పేటకు ఆ పేరే నిజాం రాజ్యం నుంచి పోయి కట్టుబడి పనులు చేసిన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి, లారీ ఎక్కించి, రాయచూరు, షోలాపూర్, పూణే మీదుగా తీసుకుపోయేవాడు. రాత్రీ పగలూ కలిపి పట్టే ఆ దారి మీదుగా ఇప్పుడు విమానం గంట లోపలే దాటిపోతుంది. తాత మట్టి మోసిన ఊరు కిటికీలోంచి కనిపిస్తుందేమో చూద్దామంటే అది తెల్లవారుజాము, అందరూ నిద్రపోతుంటారు.

మక్కా పోయే హాజీల సంగతీ అంతే. గద్వాల, వనపర్తి ముస్లిం పెద్దల్లో బొంబాయి దాకా రైల్లో పోయి అక్కణ్ణుంచి ఓడలో జిద్దా చేరినవాళ్ళ కథలు ఇంకా చెప్పుకుంటారు. సముద్రం మీద రోజులకు రోజులు, వాంతులు, ఓడ మీదే నమాజులు. బొంబాయి నుంచి ఆ హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి జిద్దా 4,130 కిలోమీటర్లు, ఐదున్నర, ఆరు గంటల ప్రయాణం. ఇప్పుడు హజ్ పోయేవాళ్ళు విమానంలో కంటే శిబిరంలో, వరుసల్లో ఎక్కువసేపు గడుపుతారు.

"మనకే ఒక విమానాశ్రయం వస్తదంట గద?" అని మీరు అడగబోతున్నారు. అవును, అడ్డాకుల మండలంలో గుడిబండ దగ్గర ఒకటి కట్టాలన్న ఆలోచన చాలా ఏళ్ళుగా కాగితాల మీద ఉంది. ఇక్కడ మళ్ళీ దూరం అడ్డుపడుతుంది. షంషాబాద్‌కు గాల్లో 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ళ పాటు పోటీగా ఇంకోటి రాకూడదని వాళ్ళ ఒప్పందంలో ఒక షరతు ఉంది. వరంగల్ మామునూరుకు ఆ షరతు సడలించాల్సి వచ్చింది. గాల్లో కొలిస్తే నాగర్‌కర్నూల్ షంషాబాద్‌కు 85 కిలోమీటర్లు, వనపర్తి 105, గద్వాల 130. మూడూ ఆ నూటయాభై గీత లోపలే. అవతల కర్నూలు వాళ్ళకు ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం వచ్చింది, అది షంషాబాద్‌కు 170 కిలోమీటర్లు. గీత దాటి కట్టుకున్నారు. గద్వాల నుంచి ఓర్వకల్లు గాల్లో 70 కిలోమీటర్లే, షంషాబాద్‌లో సగం. కానీ అక్కడ దుబాయ్ విమానం దొరకదు. ఇక గుడిబండలో నిజంగానే కడితే, అక్కడ ఎక్కి షంషాబాద్‌లో దిగడానికి ఇరవై నిమిషాలు, ఆ ఇరవై నిమిషాల కోసం ముందే పోయి గంటన్నర కూర్చోవాలి. అదే టైములో కారు షాద్‌నగర్ దాటుతుంది. ఎన్నికల్లో చెప్పుకోవడానికి పనికొచ్చేంతగా ప్రయాణానికి పనికిరాదని నా అనుమానం.

సరే, ఇన్ని విన్నాక టికెట్టు కొన్నవాళ్ళకు కావాల్సింది ఒక్కటే, ఇంట్లోంచి ఎప్పుడు కదలాలి? దేశం దాటే విమానానికి మూడు గంటలు ముందు అక్కడ ఉండాలి. నాలుగింటి విమానానికి ఒంటిగంట. గద్వాల నుంచి మూడున్నర గంటలు, టోల్ గేట్లు, ఛాయ్ కోసం ఆగడం కలిపి నాలుగనుకోండి. రాత్రి తొమ్మిదికి బండి కదలాలి. ఇందులో అసలు పొరపాటు తారీకు దగ్గర జరుగుతుంది. టికెట్టు మీద పదిహేనో తారీకు తెల్లవారుజాము నాలుగు గంటలని ఉంటే, ఇంట్లోంచి బయలుదేరాల్సింది పద్నాలుగో తారీకు రాత్రి. పదిహేనుననే కదా అని పదిహేను రాత్రి భోంచేసి, అందరికీ దండాలు పెట్టి, బంధువులను రెండు బండ్లలో ఎక్కించుకుని షంషాబాద్ పోయినవాళ్ళు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్ళ విమానం అప్పటికి పొద్దున్నే దుబాయ్‌లో దిగి, ఇంకో గుంపును ఎక్కించుకుని తిరిగి కూడా వచ్చేసి ఉంటుంది.